రెండింటికి మూసే ఊరూ, అసలు మూయని ఊరూ: టెక్నో యాత్ర లెక్కలు

టెక్నో అంటే యంత్రాలతో పుట్టించే డాన్స్ సంగీతం. అది పుట్టిన అమెరికా ఊరు డెట్రాయిట్ రాత్రి రెండింటికి మూస్తుంది, బెర్లిన్ అసలు మూయదు. ముందు బెర్లిన్. అక్కడికి వెళ్లేది టెక్నో కోసమే అయితే, ఆదివారం పొద్దున 11కి గది ఖాళీ చేయాల్సిన వసతి తీసుకోకండి. ఎంత చవగ్గా దొరికినా వద్దు. అక్కడి పెద్ద క్లబ్బుల్లో వారాంతం శనివారం అర్ధరాత్రి మొదలై సోమవారం పొద్దుటిదాకా సాగుతుంది. వింత చూసిపోదామని వచ్చినవాళ్లు తెల్లారేసరికి సర్దుకుంటారు. పాట కోసం వచ్చినవాళ్లు ఆదివారం మధ్యాహ్నానికి కుదురుకుంటారు. సరిగ్గా ఆ వేళకి మీరు పెట్టె పక్కన పెట్టుకుని స్టేషన్ బెంచీ మీద కూర్చుంటే వచ్చిన పని సగం కూడా కానట్టే.

మా ముగ్గురికీ తగిలింది అలాంటి వసతే. ఫ్రీడ్రిక్స్‌హైన్‌లో, వార్షావర్ స్ట్రాసె స్టేషన్ నుంచి నడిచే దూరం. ముగ్గురు పట్టే గది రాత్రికి 120 యూరోలు, గురువారం నుంచి ఆదివారం దాకా మూడు రాత్రులకి 360. చివరికి కట్టింది 440. మధ్యలో ఆ 80 ఎలా పుట్టిందో చెప్తాను, ఇలాంటి చోట్ల దాదాపు అందరికీ ఇదే వరస. దుప్పటి, తువ్వాలు మనిషికి 5 చొప్పున 15. ఆదివారం సామాను పెట్టుకునే లాకరు పెట్టెకి 6 చొప్పున 18. గంట ఆలస్యంగా ఖాళీ చేసినందుకు 20. మిగతా 27 నగర పన్ను అన్నారు.

పన్ను నిజమే, వాళ్లు కల్పించింది కాదు. బెర్లిన్‌లో వసతి మీద నగర పన్ను 2025 జనవరి నుంచి 7.5 శాతం. అయితే అది వేయాల్సింది వ్యాట్ తీసేసిన గది అద్దె మీద. గదుల మీద వ్యాట్ 7 శాతం, కాబట్టి 360లో అసలు అద్దె 336.45, దాని మీద పన్ను 25.23. వాళ్లు మొత్తం 360 మీద వేసి 27 తీసుకున్నారు. తేడా 1.77 యూరోలు. ఇంత చిన్న మొత్తానికి కౌంటర్ దగ్గర గొడవేమిటని వెంట ఉన్నవాళ్లు మొహం చిట్లిస్తారు, వాళ్ల ధైర్యం కూడా అదే. బుక్ చేసేటప్పుడే దుప్పట్లు అద్దెలో కలిసి ఉన్నాయా, నగర పన్ను కలిపిన ధరేనా, చెకౌట్ ఎన్నింటికి, ఈ మూడూ రాతలో అడిగి పెట్టుకోండి.

ఇంకా మంచి ఉపాయం రోజులు మార్చడం. గురువారం దిగి ఆదివారం కాకుండా శనివారం దిగి మంగళవారం ఖాళీ చేయండి. అవే మూడు రాత్రులు, పైగా ఆది, సోమవారాల రాత్రి అద్దె సాధారణంగా తక్కువ. వీధి వైపు కాకుండా వెనక పెరటి వైపు గది అడగండి, పాత బెర్లిన్ ఇళ్లకి హింటర్‌హోఫ్ అని లోపలి పెరడు ఉంటుంది, అటువైపు ట్రామ్ చప్పుడు రాదు. శనివారం సాయంత్రం తిని ఏడింటికల్లా పడుకోండి. ఆదివారం తెల్లవారుజామున లేచి, స్నానం చేసి, కడుపులో ఏదైనా వేసుకుని అప్పుడు బయల్దేరండి. అర్ధరాత్రి సినిమాకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లకి ఇది పిచ్చిగా కనిపిస్తుంది. ఆ ఊరివాళ్లలో చాలామంది చేసేది ఇదే.

ఈ ఊరికి గడియారం ఎందుకు లేదో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పశ్చిమ, తూర్పు బెర్లిన్‌లు రెండూ రాత్రి మూసే వేళని ఒకరిని చూసి ఒకరు గంట గంటగా వెనక్కి జరుపుకుంటూ పోయాయి. 1949లో హైన్స్ ట్సెల్లర్‌మాయర్ అనే హోటల్ యజమాని అమెరికన్ కమాండెంట్ ఫ్రాంక్ హౌలీ దగ్గరికి వెళ్లి, అసలు మూసే వేళే తీసేస్తే పోలా అని ఒప్పించాడు. ఆ మాటలు విస్కీ సీసా ముందు సాగాయంటారు. పశ్చిమ బెర్లిన్ బార్లకి ఆ ఏడాది నుంచి మూసే వేళ లేదు. ఇక 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ కూలాక తూర్పున ఎవరివో తేలని భవనాలు బోలెడు మిగిలాయి. కర్మాగారాలు, నేలమాళిగలు, గోదాములు. అసలు యజమానులెవరో కోర్టులు తేల్చేలోపు తాత్కాలిక వాడకానికి తక్కువ అద్దెకి దొరికేవి. గంటలు అమెరికన్లు ఇచ్చినవి, గోడలు తూర్పు జర్మనీ వదిలేసి పోయినవి. పాట మాత్రం డెట్రాయిట్‌ది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ట్రెజోర్ అనే క్లబ్బు. ఆ పేరుకి ఖజానా అని అర్థం. పోట్స్‌డామర్ ప్లాట్స్ దగ్గర వేర్ట్‌హైమ్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద, ఉక్కు తలుపులు, లాకర్లు ఉన్న నేలమాళిగలో డిమిత్రి హేగెమాన్, ఆయన బృందం 1991 మార్చిలో దీన్ని తెరిచారు. 2005లో అక్కడ మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడున్నది పెద్ద షాపింగ్ మాల్. టెక్నో టూర్ల వాళ్లు అక్కడికి తీసుకెళ్లి పదిహేను నిమిషాలు కథ చెప్తారు, చూడ్డానికి ఏమీ ఉండదు. దాని కోసం డబ్బు పెట్టకండి. దారిలో పడితే ఆగి, తల ఎత్తి చూసి ముందుకి సాగండి.

చూడాల్సింది 2007లో మళ్లీ తెరిచిన చోటు. కోపెనికర్ స్ట్రాసెలో మూతపడిన పాత విద్యుత్, వేడినీటి కేంద్రం అది, యు8 మెట్రో లైన్‌లో హైన్రిష్-హైన స్ట్రాసె స్టేషన్‌లో దిగి నడవచ్చు. లోపల పొడవాటి సొరంగంలాంటి దారిలో నడుచుకుంటూ వెళ్తే కింద ట్రెజోర్ గది వస్తుంది. పాత నేలమాళిగ నుంచి తెచ్చిన తుప్పుపట్టిన లాకర్లు, ఇనుప కటకటాలు అక్కడే ఉన్నాయి. పొగ ఎంత దట్టంగా వదులుతారంటే చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. కప్పు తక్కువ ఎత్తు, గాలి తక్కువ, పైనుంచి చెమట చినుకులు పడతాయి. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు దిగొద్దు. వెంట వచ్చినవాళ్లలో ఒకరికి ఆ చీకటి పడకపోతే పైన గ్లోబస్‌లో కూర్చోబెట్టండి, అక్కడ హౌస్ అనే మరో తరహా డాన్స్ సంగీతం, మాట్లాడుకునే వీలు, కాస్త వెలుతురు ఉంటాయి.

కింద నిలబడే చోటు ముఖ్యం. టెక్నోలో దమ్ దమ్ అని మోగే కిక్ డ్రమ్ అడుగు స్వరం 50 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది. గాలిలో దాని అల పొడవు దాదాపు 7 మీటర్లు. కదలని కాంక్రీటు గోడల మధ్య ఆ అల వెనక్కి తిరిగొచ్చి తనను తానే కలుస్తుంది. కొన్నిచోట్ల రెట్టింపవుతుంది, కొన్నిచోట్ల చచ్చిపోతుంది. గుండెల మీద గుద్దినట్టు ఉండాల్సిన బేస్ మీరు నిలబడ్డ చోట లేదనిపిస్తే సౌండ్ సిస్టమ్‌ని తిట్టకండి. అల పొడవులో నాలుగో వంతు, అంటే 1.7 మీటర్లు, రెండు అడుగులు వేసి పక్కకి జరగండి. తేడా వెంటనే తెలుస్తుంది. గోడకి ఆనుకుని నిలబడితే బేస్ బాగా పెరుగుతుంది, పై స్వరాలు మసకబారతాయి. గది నడిమధ్య కన్నా స్పీకర్లకి ఎదురుగా కొంచెం పక్కకి ఉండటం మేలు.

చెవుల్లో పెట్టుకునే బిళ్లలు (ఇయర్‌ప్లగ్‌లు) తప్పనిసరి, ఇందులో మొహమాటం వద్దు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చనీ, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుందనీ వినికిడి నిపుణుల లెక్క. 94 దగ్గర గంట. 100 దగ్గర 15 నిమిషాలు. జర్మన్ ప్రమాణం ప్రేక్షకుల చోట అరగంట సగటు 99 డెసిబెల్స్ దాటకూడదంటుంది. అంటే నియమం పాటించే క్లబ్బులో కూడా ఉత్త చెవులతో ఇరవై నిమిషాలు దాటితే హద్దు మీరినట్టే, మీరు ఉండబోయేది ఎనిమిది గంటలు. బార్ దగ్గర నురుగు బిళ్లలు అడిగితే ఇస్తారు, కానీ అవి పై స్వరాలని ఎక్కువ మింగి పాటని బురదలా చేస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టరు బిళ్లలు ముందే కొనుక్కెళ్లండి. చొక్కాకి తగిలించుకునే తాడు ఉంటే పోవు.

ఇక అందరూ అడిగేది బెర్గ్‌హైన్ క్లబ్బు. క్రాయిట్స్‌బెర్గ్, ఫ్రీడ్రిక్స్‌హైన్ అనే రెండు పేటల పేర్ల చివరి ముక్కలు కలిపితే వచ్చిన పేరు. ఒకప్పటి స్టాలిన్ అలే అనే వీధి ఇళ్లకి వేడి పంపడానికి 1950లలో కట్టిన కేంద్రం ఇది. అంతకుముందు ఓస్ట్‌గూట్ పేరుతో నడిచిన క్లబ్బు 2003లో మూతపడ్డాక 2004లో ఇక్కడ మొదలైంది. ప్రధాన హాలు 18 మీటర్ల ఎత్తు, ఫంక్షన్-వన్ అనే సౌండ్ సిస్టమ్. పై అంతస్తులో పనోరమా బార్, హౌస్ ఎక్కువ. ఆదివారం పగలు అక్కడ కిటికీ రెక్కలు పాటకి తగ్గట్టు క్షణం తెరిచి మూస్తారు. ఒక్కసారిగా ఎండ లోపలికి పడి మళ్లీ చీకటవుతుంది. ఆ ఒక్కదాని కోసం వెళ్లినా దండగ కాదు.

తలుపు దగ్గర కాపలావాళ్లు తాము ఎంచుకున్నవాళ్లనే లోపలికి వదుల్తారు, ఆ తలుపు గురించి నానా కథలు ఉన్నాయి. అందులో పనికొచ్చేవి కొన్నే. ముగ్గురికి మించి గుంపుగా వెళ్లొద్దు, ఆరుగురుంటే రెండు జట్లుగా విడిపోయి క్యూలో ఎడంగా నిలబడండి. క్యూలో తాగి అరవొద్దు, తలుపు ముందుకి వచ్చేసరికి ఫోను జేబులో ఉండాలి. ఎంతమంది, లోపల ఈ రోజు ఎవరు వాయిస్తున్నారు అని అడగొచ్చు. ఆ రోజు పట్టికలో రెండు పేర్లయినా నిజంగా విని వెళ్లండి, అబద్ధం మీ మొహం మీదే తెలిసిపోతుంది. పాస్‌పోర్ట్ అసలుది ఉండాలి, ఫోన్లో ఫొటో చెల్లదు. బట్టలు నల్లగా ఉండాలన్నది పెద్ద భ్రమ. సాదాగా, నలభై మెట్లు ఎక్కి దిగినా నొప్పి పుట్టని బూట్లతో ఉంటే చాలు. లోపలికి పంపిస్తే జేబులు తడుముతారు, ఫోను ముందూ వెనకా కెమెరాల మీద స్టిక్కరు అంటిస్తారు. అది పీకి ఫొటో తీస్తే బయటే. ప్రవేశానికి 20 నుంచి 30 యూరోలు పెట్టుకోండి, నగదుగా.

శనివారం అర్ధరాత్రి మూడు గంటలు నిలబడి తల అడ్డంగా ఊపించుకున్నవాళ్లు, అదే ఆదివారం మధ్యాహ్నం వెళ్తే అరగంటలో లోపల ఉండటం మామూలే. హామీ అయితే ఎప్పుడూ లేదు. కారణం చెప్పరు, అడిగినా లాభం లేదు, వాదిస్తే మీ మొహం గుర్తుంటుంది. క్యూ పక్కన తిరుగుతూ, లేదా ఇంటర్‌నెట్‌లో, "గెస్ట్ లిస్టులో పేరు పెట్టిస్తాం, 80 యూరోలు" అనేవాళ్లకి పైసా ఇవ్వకండి. గెస్ట్ లిస్టు కళాకారులదీ క్లబ్బుదీ, అంగట్లో సరుకు కాదు. ఇచ్చిన డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది, మీ పేరు ఏ లిస్టులోనూ ఉండదు. తలుపు దగ్గర వెనక్కి పంపిస్తే గుంపులో ఒకరు అలగడం ఖాయం. ముందే రెండో చోటు అనుకుని పెట్టుకోండి. అక్కణ్ణుంచి ట్రెజోర్‌కి స్ప్రే నది దాటి నడిచి వెళ్లొచ్చు, నడక చల్లారుస్తుంది.

ఈ క్లబ్బు మీద ఒక ముచ్చట. ఇక్కడ జరిగేది కచేరీయా కాలక్షేపమా అని పన్ను శాఖకీ క్లబ్బుకీ తగాదా నడిచింది. కాలక్షేపమైతే వ్యాట్ 19 శాతం, కచేరీ అయితే 7. జనం డబ్బు కట్టేది డీజే కోసమే కాబట్టి కచేరీయేనని 2016లో కోర్టు తేల్చింది. తర్వాత 2021లో జర్మన్ పార్లమెంటు, ఇలాంటి క్లబ్బుల్ని జూదశాలల గాటన కట్టకుండా సాంస్కృతిక స్థలాలుగా చూడాలని తీర్మానించింది. 2024 మార్చిలో బెర్లిన్ టెక్నో జర్మనీ దేశీయ అవ్యక్త వారసత్వ జాబితాలో చేరింది. టూర్ గైడ్లు దీన్నే "యునెస్కో ప్రపంచ వారసత్వం" అని ఊదరగొడతారు. చేర్చింది యునెస్కో జర్మన్ కమిషన్, చేరింది దేశం లోపలి జాబితా, అంతే. బిరుదులు వచ్చినంత మాత్రాన అద్దెలు ఆగలేదు. నది ఒడ్డున 2002 నుంచి నడిచిన వాటర్‌గేట్ 2024 చివర మూతపడింది. క్లబ్బుల చావు అనే అర్థంలో క్లుబ్‌ష్టెర్బెన్ అనే మాట అక్కడ ఇప్పుడు ఇంటి మాటైపోయింది. కాబట్టి నాలుగేళ్ల కిందటి పట్టికలు చూసి బయల్దేరకండి.

పగలు చేయాల్సింది ఒక్కటే చెప్తాను. రైన్‌హార్ట్ స్ట్రాసెలో 1943లో కట్టిన యుద్ధకాలపు కాంక్రీటు బంకర్. తూర్పు జర్మనీ రోజుల్లో దిగుమతి పండ్లు దాచేవాళ్లు కాబట్టి అరటిపండ్ల బంకర్ అన్నారు. 1992 నుంచి కొన్నేళ్లు ఊళ్లో అతి కఠినమైన టెక్నో ఇక్కడే మోగింది. 2008 నుంచి బోరోస్ కుటుంబం కళా సేకరణకి నిలయం. గైడుతో చిన్న గుంపులుగానే లోపలికి పంపుతారు, వారాల ముందు బుక్ చేయాలి, నేరుగా వెళ్తే దొరకదు. క్లబ్బులంటే గిట్టని తోడు ఎవరైనా ఉంటే ఆ ఒక్క గంటన్నరతో వాళ్ల కోపం దిగుతుంది.

రైళ్ల సంగతి. శుక్ర, శనివారాల రాత్రులు యు-బాన్ పావుగంటకొకటి చొప్పున తెల్లవార్లూ నడుస్తుంది. ఆదివారం రాత్రి అలా కాదు, ఒంటిగంట తర్వాత ఎన్ అక్షరంతో మొదలయ్యే రాత్రి బస్సులే దిక్కు. చాలామంది ఇక్కడే బోల్తా పడి ట్యాక్సీకి పోస్తారు. 2025 ధరల్లో ఏబీ జోన్ల ఒక టికెట్ 3.80 యూరోలు. విమానాశ్రయం సీ జోన్‌లో ఉంది, దానికి ఏబీసీ టికెట్, 4.70. ప్లాట్‌ఫాం మీద యంత్రంలో కొన్న కాగితం టికెట్‌ని పక్కనే ఉన్న చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే, జరిమానా 60 యూరోలు. తనిఖీ చేసేవాళ్లు మామూలు బట్టల్లో ఉంటారు, ఆదివారం పొద్దున క్లబ్బు నుంచి తూలుతూ వచ్చేవాళ్ల డబ్బాలోకే ఎక్కుతారు. పర్యాటకులమండీ, తెలియదండీ అంటే వాళ్లకి నవ్వు కూడా రాదు. కార్డు యంత్రం బయటికి తీస్తారు.

ఆదివారం దుకాణాలన్నీ బంద్. పెద్ద స్టేషన్లలోవి తెరిచి ఉంటాయి, వాటిలో బెర్గ్‌హైన్‌కి దగ్గరది ఓస్ట్‌బాన్‌హోఫ్. సీసాల మీద డిపాజిట్ ఉంటుంది. బీరు సీసాకి 8 సెంట్లు, డబ్బాకీ పారేసే ప్లాస్టిక్ సీసాకీ 25. క్యూలో ఖాళీ అయిన సీసాలు చెత్తబుట్టలో వేయకండి, బుట్ట పక్కన నిలబెట్టండి. ఏరుకునేవాళ్లు ఉంటారు, అది అక్కడి మర్యాద.

ఇక డెట్రాయిట్. బెర్లిన్ చూసిన కళ్లతో ఇక్కడికి వస్తే మొదటి రాత్రే నీరుగారిపోతారు. మిషిగన్ రాష్ట్ర చట్టం ప్రకారం మద్యం అమ్మకం రాత్రి 2 గంటలకి ఆగాలి. కాబట్టి టెక్నో పుట్టిన ఊళ్లో, బెర్లిన్ వాడు పళ్లు తోముకునే వేళకి దీపాలు వెలుగుతాయి, కుర్చీలు బల్లల మీదికెక్కుతాయి. ఇక్కడి మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ గురించి అందరూ చెప్పుకునేది కూడా దీనితో ముడిపడే ఉంది. 1315 బ్రాడ్‌వేలో 1988లో తెరిచి 1989 చివరికి మూసిన క్లబ్బు. మద్యం అమ్మలేదు, రసాలే. అమ్మలేదు కాబట్టే తెల్లారేదాకా నడిచింది. ఇప్పుడు అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, ఆ చిరునామా కోసం కాళ్లు అరగదీసుకోవద్దు. బెల్‌విల్ కూడా అంతే. టెక్నోకి ఆద్యులైన హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ముగ్గురూ చదువుకున్న శివారు పట్నం, డెట్రాయిట్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. ఇళ్లు, చెరువు, బడి. విమానాశ్రయం అటువైపే కాబట్టి కారు చేతిలో ఉంటే ఓ చుట్టు తిరగండి, లేకపోతే మానేయండి.

ఇక్కడ దొరికేది వేరే సరుకు. డౌన్‌టౌన్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద క్యూలైన్ ట్రామ్ ఎక్కండి, టికెట్ లేదు, ఉచితం. ఉత్తరం చివర గ్రాండ్ బులవార్డ్ స్టాపులో దిగండి. ఎడమకి వెస్ట్ గ్రాండ్ బులవార్డ్, 2648 నంబరు దగ్గర మోటౌన్ సంస్థ మొదటి ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. మోటౌన్ 1972లో లాస్ ఏంజెలెస్‌కి మారిపోయింది. కుడికి ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్, 3000 నంబరు సబ్‌మర్జ్ భవనం, అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో బృందం ఇల్లు. ఇంకా ముందుకి పోతే ప్యాకర్డ్ కార్ల కర్మాగారం శిథిలం ఉండేది, తొంభైల్లో రేవ్‌లు అనే రాత్రి డాన్స్ పార్టీలు జరిగింది అందులోనే. 2022లో కూల్చడం మొదలుపెట్టారు, చాలావరకు నేలమట్టం. ఒకే వీధి. ఒకవైపు వలసపోయిన సంగీత సంస్థ, ఒకవైపు చచ్చిన కార్ల పరిశ్రమ, మధ్యలో ఎక్కడికీ పోకుండా కూర్చున్న టెక్నో. బెర్లిన్ టూర్లలో మూడు గంటలు చెప్పేది ఇక్కడ నడకలో కళ్లకి కనపడుతుంది.

సబ్‌మర్జ్ లోపల ఎగ్జిబిట్ 3000 అనే చిన్న టెక్నో మ్యూజియం ఉంది, కింద రికార్డుల దుకాణం. ముందు మెయిల్ రాసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. చూపించేవాళ్లు సాధారణంగా ఆ సంగీతం చేసినవాళ్లో, వాళ్ల పక్కన పనిచేసినవాళ్లో. ఉద్యోగం చేస్తున్న గైడుకీ, తన ఇల్లు చూపించే మనిషికీ ఉన్న తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. రెండు ఊళ్లలో దేనికైనా పూర్తి మార్కులు వేయాలంటే నేను దీనికే వేస్తాను.

అలాంటి చోట డ్రమ్ మెషిన్, అంటే డ్రమ్ముల మోత పుట్టించే యంత్రం ముందు నిలబడితే ఏం చూడాలో తెలిసి ఉండాలి. రోలాండ్ కంపెనీ టీఆర్-808 వచ్చింది 1980లో, టీఆర్-909 1983లో. అసలు డ్రమ్ముల్లా మోగలేదని మార్కెట్ వాటిని తోసిపుచ్చింది, సెకండ్‌హ్యాండ్‌లో చవకైపోయాయి. డెట్రాయిట్, షికాగో కుర్రాళ్ల చేతికి అందింది అందుకే. కింద వరసలో 16 మీటలు ఉంటాయి. కిక్ ఎంచుకుని 1, 5, 9, 13 నొక్కండి. చప్పట్ల మోత 5, 13 మీద. తెరిచిన హై-హ్యాట్ (జంట తాళం) 3, 7, 11, 15 మీద. అంతే, ఇల్లు కూలేంత పాట నడుస్తుంది. 909లో కిక్, స్నేర్ సర్క్యూట్లు పుట్టించేవి, హై-హ్యాట్‌లూ తాళాలూ మాత్రం చిప్‌లో రికార్డు చేసి పెట్టినవి. ఆ రెండు తీరుల కలయికే దాని గొంతు.

దుకాణంలో డెట్రాయిట్ రికార్డులు తిప్పేటప్పుడు లేబుల్ పక్కన నల్లటి అంచు చూడండి, చేత్తో గీసిన అక్షరాలు కనపడతాయి. ఇక్కడి టెక్నో రికార్డులు ఎన్నింటికో గాడులు కోసిన రాన్ మర్ఫీ ఆ పనిలో ఘనుడు, 2008లో పోయాడు. ఇక్కడి రికార్డుల్లో మూసుకుపోయే గాడిని కోసింది కూడా ఆయనే. మామూలు రికార్డులో గాడి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. దీంట్లో ఒక చుట్టు తిరిగి తన తోకనే పట్టుకుంటుంది, ముల్లు అక్కడే ఎంతసేపైనా తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టుకి 1.8 సెకన్లు తీసుకుంటుంది. నిమిషానికి 133⅓ తాళం దెబ్బల వేగంలో నాలుగు దెబ్బలు సరిగ్గా 1.8 సెకన్లు. అందుకే ఆ వేగంలోనే అతుకు తెలియదు. ఒక్క దెబ్బ ఎక్కువగా, 134⅓ పెడితే చుట్టు చివర 13 మిల్లీసెకన్ల ఖాళీ మిగిలి పాట ప్రతి చుట్టుకీ కుంటుతుంది. డెట్రాయిట్ డీజే జెఫ్ మిల్స్ 1994లో ఇలాంటి గాడులతోనే ఒక రికార్డు ఒక వైపంతా నింపాడు. దొరికితే కొనండి, పెట్టెలో రెండు అట్టల మధ్య నిలువుగా పెట్టుకోండి, అడ్డంగా పెడితే వంగుతుంది.

తిండి దగ్గర డెట్రాయిట్‌దే పైచేయి. ఇక్కడి పిజ్జా గుండ్రంగా ఉండదు, పలకలా ఉంటుంది. 1946లో బడీస్ అనే చోట మొదలైంది. కార్ల కర్మాగారాల్లో చిన్న భాగాలు, నూనె కారే పనిముట్లు పెట్టుకునే ఉక్కు ట్రేలలో కాల్చేవాళ్లు. దళసరి ఉక్కు అంచు దాకా వేడెక్కుతుంది. జున్ను అంచు వరకూ పరుస్తారు, అది ట్రే గోడకి తగిలి నల్లగా, కరకరలాడేలా మాడుతుంది. టొమాటో సాస్ చివర పైన గీతల్లా పోస్తారు. మూలముక్క కోసం జనం పోట్లాడుకుంటారు. మాలో అప్పటిదాకా మాట్లాడటం మానేసినవాళ్లు కూడా మూలముక్క దగ్గర నోరు తెరిచారు. శాకాహారులకి ఇబ్బంది లేదు, పెపరోనీ వద్దని ముందే చెప్పాలి, ఎందుకంటే దాన్ని జున్ను కింద దాచే అలవాటు ఉంది.

ఊరి బస్సుల పేరు డీడాట్, 2 డాలర్లకి 4 గంటలు తిరగొచ్చు, కానీ రాత్రిళ్లు నమ్ముకోలేం. మూవ్‌మెంట్ అనే టెక్నో పండగ మే చివర మెమోరియల్ డే వారాంతంలో, నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో. 2000లో మొదలైనప్పుడు ఉచితం, ఇప్పుడు టికెట్. ఆ మూడు రోజులు ఊరంతా రాత్రి రెండు తర్వాత కూడా మెలకువగా ఉంటుంది, అనుమతి తీసుకున్న చోట్ల తెల్లవార్లూ జరిగే పార్టీలు ఉంటాయి. గదుల అద్దె కూడా అదే లెక్కన చుక్కలు చూపిస్తుంది, కాబట్టి జనవరిలోనే తీసుకోండి.

వీసా దరఖాస్తు రుసుము షెంగెన్‌కి 90 యూరోలు, అమెరికా పర్యాటక వీసాకి 185 డాలర్లు, రెండూ తిరిగి రానివి. సబ్‌మర్జ్ వాళ్లకి మెయిల్‌లో ఎంతమంది, ఏ తేదీ, ఏ పూట అన్నది స్పష్టంగా రాయండి. పండగ వారంలో ఖాళీ దొరకడం కష్టం. తలుపు తట్టి చూద్దాంలే అనుకోకుండా, జవాబు వచ్చాకే విమానం టికెట్ కొనండి.